పొట్టి గోపురం

చింతాద్రిపేట, మద్రాసు
10 నవంబరు 1985

సీతక్కకు,

బావకి దగ్గు తగ్గిందని చదివి నిమ్మళించాను. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం, అంటే ఒళ్ళు బాగుంది. మనసు సంగతి నీకు కాక ఎవరికి రాసుకుంటాను? మా ప్రీతికి బళ్ళో నేర్పిన తమిళం తప్ప చదవడం రాదు. మీ మరిదికి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. నాన్న మనిద్దరికీ పలక మీద దిద్దించిన అక్షరాలు ఇట్లా గుట్టు దాచుకోవడానికి పనికొస్తున్నాయి.

ఎదురింటి నాగప్పన్ కలర్ టీవీ కొన్నాడు. మూడు చక్రాల బండి మీద పెట్టె దిగుతుంటే వీధి వీధంతా చుట్టూ చేరింది. మా టీవీ సంగతి నీకు తెలుసు గదా, ఈ వీధిలో మొదటిది మాదే. శుక్రవారం పాటలొచ్చే వేళకి మా ముందు గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆయన స్నానం చేసి వచ్చి, టీవీకున్న చెక్క తలుపులు గుడి తలుపులు తీసినట్టు తీసేవాడు. పోయేటప్పుడు అందరూ "వస్తాం గోపాలన్నా" అని చెప్పి పోయేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసమే ఆయన వారమంతా కాచుకునేవాడు. నాకూ కొంచెం గర్వంగానే ఉండేది, నీ దగ్గర దాచడమెందుకు.

మొన్న శుక్రవారం ఒక్క మనిషి రాలేదు. వచ్చిందల్లా నాగప్పన్ వాళ్ళ ముసలమ్మే. "ఆడ ఒకటే గుంపు, కూర్చోనీకి చోటు లేదు. ఈడైతే రొంబ నింపాదిగా ఉంది" అంది. ఆమెకి చూపు ఆనదు. రంగుంటే ఏం, లేకపోతే ఏం. ప్రీతి కూడా నా కళ్ళుగప్పి ఎదురింటికి జారుకుంది. ఆయన పాట సగంలో ఉండగానే టీవీ కట్టేసి, "తల నొస్తోంది" అని పడుకున్నాడు.

అయితే నిన్న ఆఫీసు నుంచి వస్తూ, రేడియోలూ టీవీ సామానూ అమ్మే రిచ్చీ స్ట్రీట్‌కి పోయొచ్చాడు. ఇప్పుడు మా ఇంటికీ రంగులొచ్చాయి అక్కా. పైన ఆకాశం నీలంగా, కింద నేల పచ్చగా, నడుమ మనుషుల మొహాలు నారింజ ఛాయలో కనిపిస్తున్నాయి. ఆయన మొహం కూడా కొంచెం వెలిగింది. బావకి నమస్కారాలు చెప్పు, ఆశని అడిగానని చెప్పు.

నీ
పుష్ప


సేలం
19 నవంబరు 1985

పుష్పకు,

మీరు కలర్ టీవీ కొన్నారన్న మాట చదివి నాకు కడుపు నిండింది. మీ బావ ఆ సంగతి అద్దకాల బట్టీలో అందరికీ చెప్పొచ్చాడు. "మా మరదలు వాళ్ళింట్లో కలర్ టీవీ" అని రెండు రోజులుగా అదే మాట. నేనూ ఊరుకున్నానా, నీళ్ళ పంపు దగ్గర నలుగురికి చెప్పాను.

అసలు సంగతి విను. ఆశ టీవీలో రాబోతోంది. వాళ్ళ తాయారు టీచర్ బడి పిల్లలతో కోలాటం కట్టించింది గదా, దాన్ని మద్రాసు టీవీ వాళ్ళు తీసుకున్నారు. ఎనిమిది మంది పిల్లలు చుట్టూ ఆడతారు, మన ఆశ నడుమన నిలబడి ఆడుతుంది. జనవరిలో మద్రాసు వచ్చి ఆడాలి, తర్వాత ఒక రోజు చూపిస్తారట.

మాకు ఇక్కడ టీవీ అంటే సొసైటీ ఆఫీసులో ఉన్న ఒక్కటే. అందులో ఢిల్లీ కార్యక్రమాలు తప్ప మద్రాసువి రావు. నా బిడ్డ ఆడితే నేను చూడలేను. అందుకని నువ్వు నా బదులు చూడాలి. అందులోనూ రంగుల్లో చూస్తావు, నాకింకేం కావాలి. చూసిందంతా ఒక్క పిసరు వదలకుండా రాయి.

టీచరు పిల్లల్ని ఎక్కడో సత్రంలో పెడతానంటోంది. ఆశని మాత్రం మీ ఇంటికి పంపిస్తాను, ఆ రాత్రి మీతో ఉంటుంది. ఇప్పట్నుంచే "పిన్నమ్మోళ్ళ కలర్ టీవీ చూస్తా" అని చంకలు కొట్టుకుంటోంది. మరిదిగారిని స్టేషన్‌కి రమ్మని చెప్పు.

సీత


చింతాద్రిపేట
2 డిసెంబరు 1985

సీతక్కకు,

ఆశ సంగతి చదివి ప్రీతి, నేను ఇల్లంతా ఎగిరాం. అమ్మ ఉండుంటే ఎంత సంబరపడేది. మొదటి అడుగులు దానికి నేర్పింది అమ్మే గదా, వంటింట్లో చెంచాలు కోలాటం కర్రలు చేసి.

ఒక్కటే ఇబ్బంది. జనవరిలో మేం ఇంటికి సున్నం కొట్టిస్తున్నాం. సామానంతా వరండాలోకి వస్తుంది, టీవీ కూడా మూటకట్టి పెట్టేస్తాం, ఎక్కడ చూసినా దుమ్ము. అసలే ఆశకి తుమ్ములొస్తాయని నువ్వే ఒకసారి రాశావు. పైగా మా అత్తగారి తమ్ముడు వాళ్ళు కూడా అప్పుడే వస్తామంటున్నారు. నీళ్ళ సంగతి నీకు తెలియనిది కాదు, లారీ వస్తే వచ్చినట్టు. బిడ్డ అంత పెద్ద పనికి పోతూ సరిగ్గా నిద్రపోకపోతే మొహం వాడిపోతుంది. అందుకని టీచర్‌తో ఉంటేనే మంచిదని మీ మరిది కూడా అన్నాడు. అంటే నేనే అన్నాను, ఆయన సరే అన్నాడు.

ఇంకోలా అనుకోకు. ఎండాకాలం సెలవులకి పిలిపించుకుంటాను. టీవీలో చూసి మటుకు పూర్తిగా రాస్తాను, అది నా పూచీ.

పుష్ప


సేలం
18 జనవరి 1986

పుష్పకు,

ఆశ పోయి వచ్చింది. సత్రం దొరక్క మైలాపూరులో తాయారు టీచర్ చుట్టాలింట్లో ఉన్నారు. వాళ్ళు బాగానే చూసుకున్నారట. మద్రాసు దాకా పోయి సొంత పిన్నమ్మ ఇంటి గడప తొక్కలేదేమని ఇక్కడ ఒకరిద్దరు అడిగారు. సున్నం కొట్టిస్తున్నారని చెప్పాను. ఆశ ఏమీ అనలేదు, పెట్టెలో ప్రీతి కోసం పెట్టుకుపోయిన గాజులు మళ్ళీ బయటికి తీసి పెట్టింది.

వచ్చే శనివారం సాయంత్రం పిల్లల కార్యక్రమంలో చూపిస్తారు. ఆశ కట్టుకున్న చీర ఏదో నేను రాయడం లేదు. నువ్వే చూసి రాయి. చూసింది చూసినట్టు రాయి, నన్ను నొప్పించకూడదని ఏదీ దాచకు. నీ ఉత్తరం కోసం కాచుకుని ఉంటాను.

సీత


చింతాద్రిపేట
26 జనవరి 1986

అక్కా,

రాత్రంతా ఆనందంతో నిద్ర పట్టలేదు, తెల్లవారగానే రాస్తున్నాను.

ఆశ ఎంత బాగా ఆడిందో నేను చెప్పలేను. మిగతా పిల్లలు కర్రలు చూసుకుంటూ ఆడుతుంటే ఇది తల ఎత్తుకుని ఆడింది. ఒకచోట ఎడమవైపు పిల్ల తప్పితే, కళ్ళతోనే దాన్ని దారిలో పెట్టింది. అచ్చం అమ్మ. ప్రీతి టీవీ ముందుకు పోయి "అక్కా, అక్కా" అని అరుస్తుంటే మీ మరిది దాని జడ పట్టుకుని వెనక్కి లాగాడు.

ఇంక చీర. నన్ను పరీక్ష పెడదామనుకున్నావు గదా, ఒక్క చూపులో గుర్తుపట్టాను. నాన్న మగ్గం మీద దిగినవాటిలో మనకు మిగిలిన ఆఖరి చీర. కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు నడుం దగ్గర దోపిన పల్లూలో మన పొట్టి గోపురం కనిపించింది. అంచులో మిగతా జరీ గోపురాలన్నీ ఒక్క ఎత్తు, అదొక్కటే సగంలో ఆగిపోయింది. నేను పుట్టానని ఎవరో వచ్చి చెబితే నాన్న మగ్గం మీదే నాడె వదిలేసి పరిగెత్తిన చోటు. అమ్మ ఆ గోపురం మీద నా వేలు పెట్టించి "ఇది నువ్వే" అనేది. అది చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

రంగు ఎట్లా ఉందో చెప్పాలి గదా. మాగిన మామిడిపండు పసుపు, ఇసుమంత కూడా తగ్గలేదక్కా. మా టీవీలో అది వెలిగిపోయింది. నాన్న ఏ రంగులో నేశాడో అదే రంగు, నిన్న దించినట్టు ఉంది. ఎంత జాగ్రత్తగా దాచావు ఆ చీరని. నేనైతే ఈ ఉప్పుగాలిలో ఈపాటికి పాడుచేసి ఉండేదాన్ని. నాన్న సొమ్ము నీ చేతిలో ఉండడమే న్యాయమని నాకు నిన్న తెలిసింది.

ఆశకి దిష్టి తియ్యి.

పుష్ప


సేలం
6 ఫిబ్రవరి 1986

పుష్పకు,

నీ ఉత్తరం ఆశని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివాను. ఆట గురించి రాసినంత వరకు అది నవ్వుతూ విన్నది. మామిడిపండు పసుపు ఇసుమంత కూడా తగ్గలేదన్న చోటికి వచ్చేసరికి నా నోరు ఆగిపోయింది. "ఏమ్మా, పిన్నమ్మ ఎందుకు అట్లా గేలి చేస్తుంది?" అంది ఆశ.

నువ్వు తిట్టి ఉంటే బాగుండేది పుష్పా. పసుపు పసుపు అని ముద్దుగా పొడిచావు. "ఎంత జాగ్రత్తగా దాచావు" అని రాశావు చూడు, ఆ మాట దగ్గర నేను తల ఎత్తుకోలేకపోయాను. అయినా ఆ పోట్లకి నేను తగినదాన్నే.

జరిగింది రాస్తాను. అమ్మ మంచంలో ఉన్న రోజుల్లో ఆ చీర కప్పమనేది, అదుంటేనే నిద్రపోయేది. కషాయం ఒలికి పల్లూ మీదా కుచ్చిళ్ళ దగ్గరా మరకలు పడ్డాయి. ఆశ ఆ చీరే కట్టుకుంటానంది, అమ్మమ్మకి మాటిచ్చిందట. తాయారు టీచర్ చూసి, "బ్లాక్ అండ్ వైట్ రోజులైతే పరవాలేదమ్మా, ఈ మరకలు ఎవరికీ తెలిసేవి కావు. ఇప్పుడు కలర్‌లో తీస్తున్నారు గదా, వెలిసిన పసుపూ మరకలూ అన్నీ ఎత్తి చూపిస్తుంది. ముదురు రంగుదేదైనా చూడండి" అంది. రెండు రాత్రులు ఆలోచించి మీ బావ చేతికి ఇచ్చాను. ఆయన బట్టీలో లక్కరంగు తొట్టిలో ముంచి తెచ్చాడు. మరకలు పోయాయి. పసుపూ పోయింది. తడి చీర దండెం మీద ఎర్రగా వేలాడుతుంటే నేను తలుపేసుకుని లోపల కూర్చున్నాను.

అమ్మ కర్మలయ్యాక మనిద్దరం ఆ చీర మీద చెయ్యేసి అనుకున్నాం, ఒకరిని అడక్కుండా ఒకరం దాన్ని మార్చకూడదని. ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది. నువ్వు కాదంటావని భయపడి రాయలేదు. నేసినవాడి కూతుర్ని, అద్దేవాడి పెళ్ళాన్ని, నాకు తెలియక చేశానని అనలేను. చీర సంగతి నీకు ముందు రాయకుండా "చూసి రాయి" అన్నది కూడా పిరికితనమే. మీ కలర్ టీవీలో నీకే తెలుస్తుంది, నా నోటితో చెప్పే పని తప్పుతుందని.

ఉగాదికి మళ్ళీ ఆడమని టీవీ వాళ్ళు టీచర్‌కి రాశారు. ఆశ పోనంటోంది. నేను బలవంతం చెయ్యను. చీర నీకు పంపించేస్తాను, ఇంక అది నా దగ్గర ఉండకూడదు.

సీత


చింతాద్రిపేట
14 ఫిబ్రవరి 1986

అక్కా,

నీ ఉత్తరం అందింది. అంతగా బాధపడకు. రంగు మారిందని నేను చూశాను. నీకు బాధ కలుగుతుందని పైకి అనలేక పసుపని రాశాను. అది గేలి కాదు. జరిగిందేదో జరిగింది, నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు. లక్కరంగు కూడా బాగానే ఉంది. ఇంక ఈ సంగతి మనం ఎత్తుకోవద్దు.

ప్రీతికి పరీక్షలు దగ్గరికొచ్చాయి, అందుకే కొంచెమే రాస్తున్నాను.

పుష్ప


సేలం
25 ఫిబ్రవరి 1986

పుష్పకు,

నీ చిన్న ఉత్తరం నాకు పెద్ద ఊరట. చిన్నప్పుడు నువ్వు గిన్నె పగలగొట్టినా నేను మొట్టికాయ వేసేదాన్ని. ఇప్పుడు ఇంత పని చేసిన నన్ను ఒక్క మాట అనకుండా కాచుకున్నావు. వయసుకి నేను పెద్దదాన్ని, మనసుకి నువ్వే పెద్దదానివి. ఎదురుగా ఉంటే నీ కాళ్ళకి దండం పెట్టేదాన్ని, నువ్వు పెట్టనివ్వవు గానీ.

నీ మంచితనం మీ బావకి చెప్పి, చూసి నేర్చుకోమని తిట్టాను. "నువ్వు ఇస్తేనే గదే నేను ముంచింది" అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు మాకు. ఆశ కోలాటం కర్రలు అటక మీద పెట్టేసింది. టీచర్ ఇంటికొచ్చి బతిమాలితే, "అమ్మమ్మ చీర పాడుచేసి ఆడానంట, నాకు సిగ్గుగా ఉంది మిస్" అంది. ఆ మాట ఎవరూ దాన్ని అనలేదు, నా మొహం చూసి అదే అనుకుంది.

చీర నీకు పార్సిల్లో పంపాను. ఇక నీదే, ప్రీతికి కట్టు. నేను దాన్ని తాకడానికి తగను.

సీత


చింతాద్రిపేట
8 మార్చి 1986

అక్కా,

పార్సిల్ వచ్చింది. విప్పి చూశాను. లక్కరంగు. ఆ రంగుని నేను ఈ రోజే మొదటిసారి చూశాను.

ఈ ఉత్తరం నువ్వు కూర్చుని చదువు. ఆశకి పైకి చదివి వినిపించాలా వద్దా అన్నది చివరిదాకా చదివాక నీ ఇష్టం. వినిపిస్తేనే మంచిది.

మా ఇంట్లో కలర్ టీవీ లేదక్కా. ఎప్పుడూ లేదు. రిచ్చీ స్ట్రీట్ నుంచి మీ మరిది తెచ్చింది ఒక ప్లాస్టిక్ రేకు. పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ. దాన్ని మా పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ అద్దానికి అంటించాం. ఏది చూపించినా పైన నీలమే, కింద పచ్చే. సముద్రం చూపించినా కింద గడ్డే. మంచంలో పడుకున్న మనిషి కాళ్ళు కూడా పచ్చగా ఉంటాయి. వీధివాళ్ళని మళ్ళీ పిలుద్దామని ఆయన తెచ్చాడు. రెండో వారమే నాగప్పన్ కొడుకు చూసి నవ్వి పోయాడు. తర్వాత ఆ ముసలమ్మ తప్ప ఎవరూ రాలేదు.

"రంగులొచ్చాయి" అని నీకు రాసినప్పుడు అబద్ధమాడాలని రాయలేదు. కొంచెం గొప్పకి రాశాను, అంతే. "కలర్ టీవీ కొన్నారా" అని నువ్వు సంబరపడి రాసినప్పుడు కాదక్కా అని ఒక్క మాట రాస్తే అయిపోయేది. బావ బట్టీలో చెప్పాడని, నువ్వు పంపు దగ్గర చెప్పావని చదివాక ఆ మాట రాయడానికి చేయి రాలేదు.

తర్వాత ఒకదాని మీద ఒకటి. మా ఇంటికి సున్నం కొట్టించలేదు, గోడలు ఇంకా అట్లాగే పెచ్చులూడుతున్నాయి. అత్తగారి తమ్ముడు రానూ లేదు. ఆశ వస్తే టీవీ చూస్తుందని, చూస్తే నీకు చెబుతుందని దాన్ని నా గడప తొక్కనివ్వలేదు. అది మైలాపూరులో ఎవరింట్లోనో పడుకున్న రాత్రి నేను ఇక్కడ అన్నం తినలేకపోయాను. ప్రీతి "ఆశక్క ఎందుకు రాలేదు?" అని అడిగితే దాన్ని కసిరాను.

ఆ శనివారం నాగప్పన్ ఇంట్లో కలర్‌లో చూసి ఉండొచ్చు. రోడ్డు దాటితే చాలు. ఆ ముసలమ్మ పిలిచింది కూడా, "రామ్మా, మీ బిడ్డ వస్తుంది గదా, ఆడ బాగా కనిపిస్తుంది" అని. నాకు రోషం. తలుపు వేసి ప్రీతిని కూడా కదలనివ్వకుండా మా టీవీలోనే చూశాను. పొట్టి గోపురం నిజంగా చూశాను, ఏడ్చింది నిజం. చీర కొంచెం నల్లగానే కనిపించింది. రేకు నారింజ భాగం దాని మీద పడి ఏదో పండు ఛాయ వచ్చింది. మిగతా పసుపంతా నా జ్ఞాపకంలో ఉన్నదే. చూశానని నేనే నమ్మి, నీకు రాశాను.

ఇంతవరకూ అయితే నువ్వు నవ్వి క్షమిస్తావేమో. తర్వాత చేసినదానికే నాకు మొహం లేదు. నీ ఉత్తరం చదవగానే నా అబద్ధం నాకు తెలిసిపోయింది, నీకు తెలియలేదు. నువ్వు నా ముందు తల వంచుకుని నిలబడ్డావు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా పెద్ద మనసున్నదానిలా నిన్ను క్షమించాను. చూడని చీర రంగుని చూశానని రాశాను. నువ్వు బావతో మాటలు మానేశావు. ఆశ కర్రలు అటకెక్కించింది. నువ్వు నా కాళ్ళకి దండం పెడతానన్నావు. ఆ ముక్క చదివి కాగితం మడిచేశాను, మళ్ళీ విప్పడానికి చాలాసేపు పట్టింది.

చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆయన ఆఫీసు నుంచి వచ్చాడు. అంతా చెప్పాను. సున్నం సంగతి, క్షమించిన సంగతి అప్పటిదాకా ఆయనకి తెలియదు, సరే అన్నాడని నీకు రాసిందీ అబద్ధమే. అంతా విన్నాడు. తర్వాత "ఆ రేకు తెచ్చింది నేను గదా. నా పేరు పెట్టి రాయి మీ అక్కకి, ఈడ ఉన్న తప్పు నాదేనని" అన్నాడు. ఆయన తెచ్చింది రేకు మాత్రమే. అబద్ధం నాది. లేచి రేకు పీకెయ్యబోతే వద్దన్నాను. నువ్వొచ్చి చూసి, అప్పుడు తిట్టాలి నన్ను.

నువ్వు చీర రంగు మార్చింది మరక దాచడానికి, అదీ బిడ్డ కోసం. నేను దాచుకున్నది నా గొప్ప. ఆశకి చెప్పు, అది చీర పాడుచెయ్యలేదని. ఉగాదికి ఆడమను అక్కా. నా మీద కోపంతో దాన్ని ఆపొద్దు. చీర నేను ఉంచుకోలేను, ఎట్లా పంపమంటే అట్లా పంపిస్తాను. నాకు జవాబు రాయకపోయినా ఆ ఒక్కటి రాయి.

పుష్ప


సేలం
19 మార్చి 1986

పుష్పకు,

నీ ఉత్తరం ఆశకి చదివి వినిపించాను, మీ బావకీ వినిపించాను. లేని కలర్ టీవీ గురించి బట్టీలో ఎంత చెప్పాడో తలుచుకుని ఆయన కాసేపు నెత్తి పట్టుకున్నాడు. తర్వాత "ఆ రేకు ఏ రంగుల్లో వస్తుందంట?" అని అడిగాడు. అద్దేవాడి బుద్ధి.

నాకు కోపం వచ్చింది, లేదని రాయను. టీవీ గురించి కాదు. నువ్వు ఏ టీవీ చూస్తే నాకేం? నువ్వు క్షమించినందుకూ కాదు, దానికి నేను రెండు రోజులు ఊరికే ఏడ్చాను, ఆ ఏడుపు నీ లెక్కలో రాసుకో. నా బిడ్డ మద్రాసుకి వస్తే నీ గడప బయట పెట్టావు చూడు, అది. అది మాత్రం నేను తొందరగా మరిచిపోను. నిన్న ఆశే అంది, "పాపం పిన్నమ్మ, టీవీకి భయపడి నన్ను రానియ్యలేదు" అని. దానికి జాలి వచ్చింది. నాకు ఇంకా రాలేదు, వస్తుంది.

ఆశ అటక ఎక్కి కర్రలు దించింది. టీచర్‌కి సరేనని చెప్పాం. ఈసారి నేనూ వస్తున్నాను. వచ్చే ఆదివారం పగలు బండికి ఇద్దరం దిగుతాం, ఉగాది దాకా మీ ఇంట్లోనే ఉంటాం. గోడలు పెచ్చులూడుతుంటే ఊడనీ. చీర పంపొద్దు, నీ దగ్గరే ఉంచు. ఆశ మీ ఇంట్లో కట్టుకుని మీ ఇంట్లోంచే ఆడటానికి పోతుంది. కుచ్చిళ్ళు నువ్వు పెట్టాలి. ప్రీతి కోసం గాజులు ఆశ మళ్ళీ పెట్టెలో సర్దుకుంది.

చూపించే రోజు నాగప్పన్ వాళ్ళ ముసలమ్మని పిలుచుకురా. ఎదురింటికి పోయి చూద్దామని మాత్రం నాతో అనకు. ఎర్రటి చీర నేను దండెం మీద చూశాను, చాలు. మేం వచ్చేలోగా మరిదిగారిని ఆ రేకు పీకి, అద్దం తడిగుడ్డతో తుడిచి పెట్టమను. నీ పాత టీవీలో చూస్తాను. అందులో అది పసుపో ఎరుపో నాకు తెలియదు, నీకూ తెలియదు. జరీకి రంగు పట్టలేదు గనక గోపురాలు మటుకు కనిపిస్తాయి. పొట్టి గోపురం వచ్చినప్పుడు నాకు చెయ్యి పెట్టి చూపించు.

సీతక్క